మండువా లోగిలి: కృష్ణా డెల్టా రైతు ఇంటి నిర్మాణం – వ్యవసాయ ప్రయోజనాలు

కృష్ణా డెల్టా గ్రామాలలో పాత పెంకుటింటిని పడగొట్టేటప్పుడు ముందుగా బేరం కుదిరేది కలపకు. టేకు దూలాలు, నగిషీ చెక్కిన స్తంభాలు, ద్వారబంధాలు ఒక్కొక్కటిగా లెక్కకు వస్తాయి. ధాన్యం గాదెకు, నడిమి మండువాకు, పెరటి కళ్ళానికి ధర కట్టేవారు ఉండరు. అయితే ఆ కట్టడాన్ని రైతు ఇల్లుగా నిలిపినవి కలప కన్నా ఈ మూడే. నాగలి, బండి, ఎడ్ల వలెనే ఇల్లు కూడా సేద్యానికి ఒక సాధనం. పంటను ఎండబెట్టడం, నిలువ చేయడం, విత్తనాన్ని కాపాడడం, పశువులను పోషించడం, ఎరువును పోగుచేయడం అనే పనులన్నీ ఇంటి ఆవరణలోనే జరిగేవి. ఆ పనులకు తగినట్టుగానే ఇంటి రూపం ఏర్పడింది.

మండువా లోగిలి అనే ఈ గృహరూపం ఎలా ఏర్పడింది, అందులోని ప్రతి భాగం ఏ పనికి ఉద్దేశించినది, అది కనుమరుగవుతున్నకొద్దీ రైతు కోల్పోతున్నది ఏమిటి అన్న విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

ఆనకట్టతో పెరిగిన ఇల్లు

నాలుగు వైపులా గదులు, నడుమ ఆకాశానికి తెరచి ఉంచిన చోటు గల ఇంటిని సంస్కృత వాస్తు గ్రంథాలు చతుశ్శాల అన్నాయి. కేరళలోని నాలుకెట్టు, తమిళనాట చెట్టినాడు ఇళ్ళు, కృష్ణా గోదావరి మండలాల మండువా లోగిళ్ళు ఈ కుదురుకు చెందినవే. రూపం పాతదే అయినా, డెల్టాలో సామాన్య సంపన్న రైతు కూడా ఇంత పెద్ద ఇంటిని కట్టుకోగలగడం వెనుక నీటిపారుదల చరిత్ర ఉంది.

1832–33 నాటి నందన కరువు గుంటూరు సీమను, కృష్ణా తీరాన్ని తీవ్రంగా దెబ్బతీసింది. నది పక్కనే పారుతున్నా పొలానికి నీరందని కాలమది. సర్ ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో, కెప్టెన్ ఛార్లెస్ ఆర్ పర్యవేక్షణలో బెజవాడ, సీతానగరం కొండల నడుమ 1852లో ఆరంభమైన ఆనకట్ట 1855లో పూర్తయింది. 1952లో దానికి గండి పడిన తరువాత, 1954–57 మధ్య ప్రకాశం బ్యారేజీ నిర్మాణమైంది. నేడు దాని కింద సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు ఉన్నది.

కాలువ నీటితో వరి స్థిరపడింది. ఇంటి అవసరానికి మించిన ధాన్యం చేతికి వచ్చింది. దానిని దాచడానికి చోటు, పెరిగిన పశువులకు నీడ, ఉమ్మడి కుటుంబానికి గదులు అవసరమయ్యాయి. కాలువలు సాగునీటితో పాటు పడవల రాకపోకలకు కూడా పనికివచ్చేవిగా తవ్వినవి కావడంతో కలప, సున్నం, పెంకులు వంటి బరువైన సామగ్రి ఊరి రేవు దాకా నీటిమీదనే చేరగలిగింది. ధాన్యం బయటకు వెళ్ళిన దారినే ఇంటి సామగ్రి లోపలికి వచ్చింది.

పాత ఇంటి కాలాన్ని అంచనా వేయడానికి పెంకు మంచి ఆధారం. మర పెంకు తయారీని బాసెల్ మిషన్ వారు 1865లో మంగుళూరులో ప్రారంభించారు. డెల్టాలో దీనికి బెంగుళూరు పెంకు అని వాడుక. మొదటి నుంచీ ఈ పెంకుతోనే కప్పిన ఇల్లు ఆ సంవత్సరం కంటే పాతది కాజాలదు. అంతకు పూర్వపు ఇళ్ళకు కుమ్మరి సారె మీద చేసిన నాటు పెంకు గాని, తాటాకు గాని ఉండేవి. అయితే నాటు పెంకు తీసి మర పెంకు వేసిన ఇళ్ళు కూడా ఉంటాయి కనుక, గోడలను, కలపను కూడా పరిశీలించిన తరువాతనే నిర్ణయానికి రావాలి.

స్థలం, నేల, పునాది

డెల్టా నేలల్లో అధికభాగం నల్లరేగడి బంకమన్ను, నది తెచ్చిన ఒండ్రు. రేగడి తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఎండినప్పుడు కుంచించుకొని నెర్రెలు విచ్చుతుంది. పైపైన వేసిన పునాది ఈ కదలికకు తట్టుకోలేదు. అందువల్ల పాత ఊళ్ళు సాధారణంగా చుట్టూ ఉన్న పొలాల కంటే మెరక మీద ఉంటాయి. మెరక లేనిచోట చెరువు తవ్విన మట్టితో దిబ్బ పోసి, దానిమీద ఇల్లు కట్టేవారు. ఒకే తవ్వకంతో ఊరికి చెరువు, ఇంటికి మెరక రెండూ సమకూరేవి. పునాది గుంతలో ఇసుక నింపడం వలన కింది రేగడి కదలిక గోడ దాకా పూర్తిగా చేరదు.

నేలమట్టం నుంచి ఇంటి అడుగుభాగం రెండు మూడడుగులు, కొన్నిచోట్ల అంతకు మించి ఎత్తుగా ఉంటుంది. ఎక్కడానికి మెట్లు, మెట్లకు ఇరువైపులా అరుగులు ఉంటాయి. వరద నీరు, వాన నీరు గోడ అడుగును తాకకుండా ఈ ఎత్తు కాపాడుతుంది. 2024 సెప్టెంబరు మొదటి వారంలో ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అదే సమయంలో బుడమేరుకు గండ్లు పడి విజయవాడలోని పల్లపు కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. నీటి దారిని తెలుసుకొని ఇంటి స్థలాన్ని ఎంచుకోవడం, ఎత్తు నిర్ణయించుకోవడం అనే పాత నియమం నేటికీ వర్తిస్తుందని ఆ వరద గుర్తు చేసింది.

వీధి అరుగు నుంచి పెరటి గుమ్మం వరకు

మండువా లోగిలిని ఒక వరుసలో చదవవచ్చు. మొదట వీధి అరుగు. బాటసారులు, ఇరుగుపొరుగు, కూలి మాట్లాడవచ్చినవారు కూర్చునే చోటిది. ధాన్యం బేరాలు, నీటి వంతుల చర్చలు, పెద్దమనుషుల తగవులు ఇక్కడే సాగేవి. దాని వెనుక వసారా, తరువాత వీధి గుమ్మం. గుమ్మం దాటితే నడవ, ఆపైన మండువా. మండువా చుట్టూ స్తంభాల మీద నిలిచిన పంచలు, పంచల వెనుక గదులు ఉంటాయి. పడమటింట్లో భోషాణం, విలువైన వస్తువులు ఉండేవి. వంటిల్లు ఒక మూలకు, దేవుడి గది దానికి చేరువలో ఉండేవి. వెనుక పంచ దాటితే పెరటి గుమ్మం, బావి, కూరపాదులు, పశువుల సావిడి, గడ్డివాము, కళ్ళం వరుసగా వస్తాయి.

వీధి గుమ్మం, నడవ, పెరటి గుమ్మం సాధారణంగా ఒకే వరుసలో ఉంటాయి. దీనివల్ల గాలి అడ్డు లేకుండా ఇంటిగుండా సాగుతుంది. వెనుక పంచలో కూర్చున్న వ్యక్తికి వీధిలో ఎవరు వచ్చిందీ, పెరట్లో పశువు ఏమి చేస్తున్నదీ రెండూ కనిపిస్తాయి. బండికి, పశువులకు మాత్రం ఇంటి పక్కగా వేరే దారి, పెద్ద దొడ్డి తలుపు ఉండేవి. ధాన్యం బస్తాలు, ఎరువు బండ్లు ఇంటి నడుమ నుంచి వెళ్ళవలసిన పని ఉండేది కాదు. మనుషుల రాకపోకలను, సేద్యపు సరకుల రాకపోకలను ఈ విధంగా వేరు చేయడం రైతు ఇంటి అమరికలో ప్రధాన సూత్రం.

మండువా: గాలి, వెలుతురు, వాన నీరు

మండువా చుట్టూ ఉన్న నాలుగు కప్పులు లోపలికి వాలి ఉంటాయి. వాన నీరు నాలుగు చూరుల నుంచి మండువాలోకి దిగి, తూము గుండా పెరట్లోని కొబ్బరి, అరటి పాదులకు చేరుతుంది. మండువా మట్టం పంచల మట్టం కంటే ఒక అడుగు వరకు పల్లంగా ఉండడం వలన నీరు గదుల వైపు రాదు.

ఈ నీటి పరిమాణం తక్కువేమీ కాదు. మండువా వైపు వాలిన కప్పు వైశాల్యం 60 చదరపు మీటర్లు అనుకుంటే, 25 మిల్లీమీటర్ల వానకు 1,500 లీటర్ల నీరు దిగుతుంది. కృష్ణా మండలంలో సాలీనా సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న దివిసీమ వంటి ప్రాంతాలలో బావి నీరు ఉప్పగా ఉంటుంది. అటువంటి చోట చూరు కింద గంగాళాలు పెట్టి పట్టుకున్న వాన నీరు వంటకు, తాగడానికి పనికివచ్చేది.

వేసవిలో విజయవాడ పరిసరాల పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం సాధారణం. మండువా ఈ వేడిని రెండు విధాలుగా తగ్గిస్తుంది. రాత్రివేళ కప్పు, మండువా నేల తమ వేడిని ఆకాశంలోకి వదిలి చల్లబడతాయి. చల్లబడిన గాలి బరువైనది కనుక కిందికి దిగి మండువాలో నిలిచి, పంచలలోకి, గదులలోకి పాకుతుంది. పగటిపూట ఎండకు వేడెక్కిన గాలి మండువా పైనుంచి వెలుపలికి పోతూ, నీడలో ఉన్న గదుల నుంచి, వీధి గుమ్మం నుంచి గాలిని లాగుతుంది. మర పెంకుల సందులు కూడా కప్పు కింద చేరిన వేడి గాలిని బయటకు పంపుతాయి.

మందపు గోడ ఇందుకు తోడు. 45 సెంటీమీటర్ల మట్టి గోడలో బయటి వేడి లోపలి ముఖానికి చేరడానికి పది గంటలకు మించి పడుతుంది. మధ్యాహ్నపు ఎండ ఇంట్లోకి చేరేసరికి రాత్రి అవుతుంది. అప్పటికి కుటుంబం ఆరుబయట గాని, మండువాలో గాని నిద్రిస్తుంటుంది. అయితే డెల్టా గాలిలో తేమ ఎక్కువ. మందపు గోడ మాత్రమే ఉండి గాలి ఆడకపోతే ఉక్కపోత తప్పదు. పొడి వాతావరణమున్న రాయలసీమ మట్టి మిద్దెకు, గాలి ఆడవలసిన డెల్టా పెంకుటింటికి ఉన్న భేదం ఇక్కడే ఉంది.

గోడ, కప్పు, కలప

మట్టి గోడకు బంకమన్నులో వరిగడ్డి ముక్కలు, ఊక కలిపి, నీరు పోసి, కాళ్ళతో తొక్కి, కొన్ని రోజులు మాగనిచ్చి వరసలు వరసలుగా పెట్టేవారు. ఒక వరస ఆరిన తరువాతనే మరొకటి. గడ్డి పోచలు ఎండే మట్టిని పట్టి ఉంచి పగుళ్ళను తగ్గిస్తాయి. స్థితిమంతుల ఇళ్ళకు కాల్చిన ఇటుక, గానుగ సున్నం వాడేవారు. ఎడ్లు తిప్పే రాతి చక్రం కింద సున్నం, ఇసుక మెత్తగా నలిగేవి. దానికి బెల్లం నీరు, కరక్కాయ కషాయం కలిపేవారు. సున్నపు అడుసు సిమెంటు కంటే మెల్లగా గట్టిపడుతుంది. నేల కొద్దిగా కదిలినా సర్దుకుంటుంది, గోడలోని తేమను బయటకు వదులుతుంది. పాత సున్నపు గోడకు పగులు వచ్చినప్పుడు పైన సిమెంటు పూత పూస్తే తేమ లోపలే నిలిచి గోడ మరింత దెబ్బతింటుంది. మరమ్మతుకు సున్నమే సరైన పదార్థం.

కప్పుకు దూలాలు, వాసాలు, పెండెలు అంచెలంచెలుగా బరువు మోస్తాయి. కోస్తా రేవులకు దిగిన బర్మా టేకు, గోదావరి మీదుగా వచ్చిన అడవి టేకు పెద్ద ఇళ్ళకు చేరాయి. చిన్న రైతుల ఇళ్ళకు ముదురు తాటి చెట్టు చేవే ఆధారం. నేలలకు పల్నాటి నాపరాళ్ళు పరిచేవారు, లేదా మట్టి నేలను పేడతో అలికేవారు. కాలువ లాకుల వద్ద ప్రజాపనుల శాఖ కట్టిన బంగళాలు కూడా స్థానిక నిర్మాణం మీద ప్రభావం చూపాయి. ఇటుకను దూలాల మీద నిలువుగా పేర్చి సున్నంతో బిగించే మద్రాసు టెర్రస్ కప్పు, గుండ్రటి కమానులు ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల ఇళ్ళలో చోటు చేసుకున్నాయి.

ధాన్యం నిలువ

రైతు ఇంటి నిర్మాణంలో అన్నిటికంటే జాగ్రత్తగా ఆలోచించిన భాగం ధాన్యపు చోటు. మెట్ట సీమలలో జొన్నలను నేలలో పాతర వేసేవారు. డెల్టాలో భూగర్భ జలం పైపైనే ఉంటుంది కనుక పాతర పనికిరాదు. ధాన్యం నేలకు ఎడంగా ఉండాలి. అందుకు గాదె, గుమ్మి, పురి అనే మూడు ఏర్పాట్లు ఉండేవి.

గాదె ఇంటిలో గాని, ఆవరణలో గాని కట్టిన స్థిరమైన కొట్టు. దాని అడుగు నేలకు పైన దిమ్మెల మీద గాని, దుంగల మీద గాని ఉంటుంది. ముందు భాగాన ఒకదానిపై ఒకటి దింపే పలకలు ఉంటాయి. ధాన్యం నిండేకొద్దీ పలకలు పెరుగుతాయి, తీసేకొద్దీ తగ్గుతాయి. గుమ్మి వెదురుతో అల్లి, లోపల బయట పేడ, మట్టి మెత్తినది. పురి అన్నిటికంటే చౌకైనది. వరిగడ్డితో పేనిన వెంటిని చుట్టలు చుట్టలుగా పైకి తిప్పుతూ, లోపల ధాన్యం పోస్తూ, చివరకు పైన గడ్డితో గొడుగులా కప్పుతారు. పంట తెచ్చిన గడ్డే పంటను దాచే గోడ అవుతుంది. విత్తనపు ధాన్యాన్ని విడిగా ఉంచి, వేపాకు, వావిలాకు, బూడిద కలిపి కాపాడేవారు. ఈ పని ప్రధానంగా స్త్రీల చేతిలో ఉండేది.

గాదె కొలతల నుంచి ఆ ఇంటి సేద్యపు స్థాయిని లెక్కగట్టవచ్చు. ఉదాహరణకు 3 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు గల గాదె పరిమాణం 15 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు సుమారు 570 కిలోల వడ్లు పడతాయి కనుక, అందులో దాదాపు 8,550 కిలోలు, అంటే 75 కిలోల బస్తాలు 114 నిలువ ఉంటాయి.

పశువుల సావిడి, కళ్ళం, పెంటకుప్ప

ఒంగోలు జాతి ఎడ్లు, పాడి గేదెలు ఉన్న సావిడి ఇంటికి వెనుక, పిలిస్తే వినిపించేంత దూరంలో ఉండేది. గాడిలో గడ్డి, పక్కన కుడితి తొట్టి. బియ్యం కడిగిన నీరు, గంజి, తవుడు కుడితిగా పశువుకు చేరేవి. సావిడి నేల వాలుగా ఉండి మూత్రం పెంటకుప్ప వైపు పారేది. పేడ, చెత్త, పొయ్యి బూడిద, మిగిలిన గడ్డి ఏడాది పొడవునా పోగై వేసవిలో బండ్ల మీద పొలానికి వెళ్ళేవి. పొలం నుంచి ఇంటికి వచ్చిన పోషకాలలో కొంత భాగం తిరిగి పొలానికి చేరే మార్గమిది.

కళ్ళం గట్టిచేసి పేడతో అలికిన చదునైన నేల. సార్వా వరి కోతలు నవంబరు, డిసెంబరు నెలలలో వస్తాయి. తుపానుల కాలమూ అదే. కోసిన పనలు ఆరిన తరువాత కట్టలు కట్టి కుప్ప వేసేవారు. వెన్నులు లోపలికి, మొదళ్ళు బయటికి ఉండేటట్లు పేర్చి, పైభాగాన్ని వాలుగా ముగించిన కుప్ప ఒక తాత్కాలిక కట్టడమే. వాన పడినా నీరు మొదళ్ళ మీదుగా జారిపోతుంది. వాతావరణం తెరిపి ఇచ్చిన తరువాత కుప్ప నూర్చి, తూర్పారబట్టి, ఎండబెట్టి గాదెకు చేర్చేవారు. కోతకు, అమ్మకానికి నడుమ రైతుకు కొన్ని వారాలు, నెలల వ్యవధి దొరికేది.

తుపాను ముందు ఇల్లు

1864 నవంబరు 1న మచిలీపట్నం ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మంది ప్రాణాలు కోల్పోయారు. అటువంటి ఉప్పెనకు ఏ మట్టి ఇల్లూ నిలవదు. కాని ప్రతి రెండు మూడేళ్ళకు వచ్చే మామూలు తుపాను గాలికి తట్టుకునే మెలకువలు పాత ఇళ్ళలో ఉన్నాయి. నాలుగు వైపులా వాలు గల కప్పు మీద గాలి ఒత్తిడి రెండు వాలుల కప్పు మీద కంటే తక్కువ. వసారా కప్పును ప్రధాన కప్పుతో కలపకుండా విడిగా కట్టినచోట వసారా ఎగిరినా ఇల్లు నిలుస్తుంది. తీరంలోని పేదల చుట్టిళ్ళు గుండ్రంగా ఉండి, కప్పు నేలకు దగ్గరగా వంగి, గాలికి మూలలు అందించవు. వీటితో పోల్చితే, గోడకు బిగించకుండా రేకులు పరచిన నేటి షెడ్లు గాలికి మరింత సులభంగా లొంగుతాయి.

ఇంగ్లాండు వ్యవసాయ గృహంతో పోలిక

సేద్యపు అవసరమే ఇంటిని మలచుతుందన్న విషయం ఇతర దేశాల పాత రైతు ఇళ్ళలో కూడా కనిపిస్తుంది. ఇంగ్లాండులోని డార్ట్‌మూర్ ప్రాంతపు పొడవాటి ఇళ్ళలో ఒకే కప్పు కింద ఎగువ భాగాన మనుషులు, దిగువ భాగాన పశువులు ఉండేవి. నేల వాలు వలన పశువుల మురికి మనుషుల వైపు రాదు, చలికాలంలో పశువుల వేడి ఇంటికి ఉపకరిస్తుంది. డెల్టాలో సమస్య చలి కాదు, ఉక్క. అందుకే ఇక్కడ సావిడి ఇంటికి దూరంగా జరిగింది.

అక్కడి పాత ధాన్యపు కొట్టాలలో నడుమ నూర్పిడి నేల, దానికి ఎదురెదురుగా రెండు పెద్ద తలుపులు ఉంటాయి. తలుపులు తెరిస్తే వచ్చే గాలితో లోపలనే తూర్పారబట్టేవారు. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని గ్రేట్ కాక్స్‌వెల్ కొట్టం పదమూడవ శతాబ్దం చివరి నాటిది, నేటికీ నిలిచి ఉన్నది. ధాన్యపు గదులను పుట్టగొడుగు ఆకారపు రాళ్ళ మీద నిలిపి ఎలుకలు ఎక్కకుండా చేసేవారు. గాదెను నేలకు ఎడంగా దిమ్మెల మీద నిలపడానికి వెనుక ఉన్న ఆలోచన దీనికి దగ్గరిదే. డెవన్ ప్రాంతంలో గడ్డి కలిపిన మట్టితోనే గోడలు పెట్టేవారు. మట్టి గోడకు మంచి బూట్లు, మంచి టోపీ ఉంటే చాలునని అక్కడి నానుడి. ఎత్తైన అడుగుభాగం, బయటికి చాచిన చూరు గల కృష్ణా పెంకుటింటికి కూడా ఆ మాట సరిపోతుంది.

భేదం ఒక్కటి గమనించదగినది. ఇంగ్లాండులో 1947 నాటి చట్టంతో చారిత్రక కట్టడాల జాబితా రూపొందడం మొదలైంది. రైతు ఇళ్ళు, కొట్టాలు కూడా శ్రేణులవారీగా అందులో చేరాయి. కృష్ణా డెల్టాలో కోటలకు, ఆలయాలకు దొరికిన శ్రద్ధ రైతు ఇంటికి దొరకలేదు.

లోపాలను కూడా చూడాలి

మండువా లోగిలిని ఆదర్శంగా మాత్రమే చిత్రించడం శాస్త్రీయం కాదు. అది భూమి ఉన్న ఉమ్మడి కుటుంబపు ఇల్లు. అంటరానితనం అమలులో ఉన్న ఆ రోజులలో, ఆ ఇంటి మట్టి తొక్కినవారు, కుప్పలు నూర్చినవారు, గాదె నింపినవారు అయిన దళిత వ్యవసాయ కార్మికులకు గుమ్మం లోపలికి ప్రవేశం లేదు. వారి తాటాకు గుడిసెలు ఊరికి దూరంగా, తరచు పల్లపు నేలలో ఉండేవి. వరద ముందుగా చేరేది అక్కడికే. ఎత్తు కట్టుకున్న ఇంటి విజ్ఞానం అందరికీ సమానంగా అందలేదు.

ఇంటిలోపల కూడా శ్రమ సమానంగా పంచుకోబడలేదు. పొగ నిండిన వంటిల్లు, రోజూ అలకవలసిన నేల, నీరు తోడవలసిన బావి స్త్రీల ఆరోగ్యం మీద భారం మోపాయి. ఏటా వానలకు ముందు పెంకు సర్దాలి. కలపకు చెదలు, ధాన్యానికి ఎలుకలు, పందికొక్కులు, తాటాకు కప్పుకు వేసవి అగ్నిప్రమాదాలు తప్పని బెడద. ఉమ్మడి కుటుంబాలు విడిపోయినప్పుడు మండువాలో అడ్డుగోడలు లేచాయి. గాలి, వెలుతురు ఆగిన తరువాత ఆ ఇల్లు నివాసయోగ్యం కాకుండా పోయింది. పాత ఇంటిని వదిలి రైతు డాబా కట్టుకోవడానికి తగిన కారణాలే ఉన్నాయి.

ఇంటితో పాటు పోయినది

అయినా డాబా కట్టుకున్నప్పుడు నివాసం మారింది కాని, గాదె, కళ్ళం చేసిన పనికి ప్రత్యామ్నాయం రాలేదు. కోత యంత్రం ఒక్కరోజులో పొలం కోసి, నూర్చి, ధాన్యాన్ని గట్టు మీద పోస్తుంది. అప్పటికి గింజలో తేమ సాధారణంగా 20 నుంచి 24 శాతం వరకు ఉంటుంది. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతానికి మించరాదు. నెలల తరబడి నిలువకు 12 నుంచి 14 శాతానికి దిగాలి. ఎండబెట్టడానికి కళ్ళం లేక రైతు రోడ్డు మీద ధాన్యం పోస్తున్నాడు. మబ్బు పట్టిన రోజున పచ్చి ధాన్యాన్ని అడిగిన ధరకు ఇస్తున్నాడు.

లెక్క స్పష్టమే. 22 శాతం తేమ ఉన్న 100 కిలోల ధాన్యంలో పొడి పదార్థం 78 కిలోలు. అదే ధాన్యం 14 శాతం తేమకు దిగితే బరువు సుమారు 90.7 కిలోలు అవుతుంది. తగ్గిన 9.3 కిలోలు నీరు మాత్రమే. ఎండబెట్టి అమ్మినప్పుడు కిలోకు దొరికే అదనపు ధర ఈ తరుగును మించితే రైతుకు లాభం. ఆ నిర్ణయం తీసుకోవడానికి ఎండబెట్టే చోటు, దాచే చోటు రెండూ ఉండాలి. అవి లేని రైతుకు బేరమాడే అవకాశం కోతనాడే ముగుస్తుంది. గాదె పోవడమంటే ఒక గది పోవడం కాదు. ధర కోసం ఆగగలిగే శక్తి పోవడం.

విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు సూచనలు

1. గ్రామీణ వ్యవసాయ కార్యానుభవ కార్యక్రమంలో ఊళ్ళలో ఉండే విద్యార్థులు మిగిలిన పాత ఇళ్ళ నేలపటాలు గీయవచ్చు. అడుగుభాగపు ఎత్తు, గోడ మందం, గాదె కొలతలు, కళ్ళం వైశాల్యం, సావిడి దూరం నమోదు చేయాలి. ఇంటివారి అనుమతి ముందుగా తీసుకోవాలి.

2. మే నెలలో ఒకే ఊరిలోని పెంకుటింటిలో, డాబాలో ఉష్ణోగ్రత, తేమ గంటగంటకు కొలిచి పోల్చడం చిన్న ఖర్చుతో చేయదగిన అధ్యయనం.

3. పురి కట్టడం, గుమ్మి మెత్తడం, కుప్ప వేయడం తెలిసిన వృద్ధుల నుంచి పద్ధతిని అంచెలవారీగా రాసుకోవాలి. ఇందులో వ్యవసాయ కార్మికుల, స్త్రీల అనుభవానికి ప్రథమ స్థానం ఇవ్వాలి.

4. ఒక్కొక్క రైతుకు కళ్ళం సాధ్యం కానిచోట ఊరుమ్మడి సిమెంటు కళ్ళాలు, మెరక మీద సామూహిక గిడ్డంగులు, గాలి చొరని నిలువ సంచులు, లోహపు గాదెలను ప్రోత్సహించాలి. నేలకు ఎడం, ఎలుకకు అడ్డు, తేమకు దూరం అనే పాత గాదె సూత్రాలు వీటికీ వర్తిస్తాయి.

5. కొత్త ఇల్లు కట్టుకునే రైతుకు వరద మట్టం చూసి అడుగుభాగం ఎత్తు నిర్ణయించుకోవాలని, ఎదురెదురు గుమ్మాలు, నీడనిచ్చే వసారా, కప్పు నీటిని ఒడిసిపట్టే ఏర్పాటు, ధాన్యానికి ప్రత్యేకమైన గది ఉంచుకోవాలని సలహా ఇవ్వాలి.

6. నిలిచి ఉన్న పాత ఇళ్ళ మరమ్మతుకు సున్నపు అడుసు వాడవలసిందిగా, విడిపోయిన వాటాల మధ్య కనీసం మండువాను మూయకుండా ఉంచవలసిందిగా సూచించాలి.

ముగింపు

ఇల్లు కట్టి చూడు అని పెద్దలు ఊరకే అనలేదు. నేల స్వభావం, నీటి దారి, గాలి వాటం, పంట కాలం, పశువు అవసరం అన్నీ తెలిసినవారే డెల్టాలో నిలిచే ఇంటిని కట్టగలిగారు. ఆ ఇళ్ళన్నిటినీ కాపాడడం సాధ్యం కాదు, అవి మోసిన అసమానతలను కాపాడవలసిన అవసరమూ లేదు. వాటిలోని వ్యవసాయ విజ్ఞానాన్ని మాత్రం కలపతో పాటు అమ్ముడుపోనీయరాదు. పెంకు దిగకముందే కొలత తీసుకున్న ప్రతి గాదె, రేపటి రైతుకు ధాన్యం దాచుకునే చోటును తిరిగి ఇవ్వడానికి ఒక ఆధారం అవుతుంది.